ఐపీ సంగతి తర్వాత, ముందు ఆ బ్యాంకు కవరు బయటికి తీయండి

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. పల్నాడు జిల్లాలో ఒక మండల కేంద్రంలో ఎరువులు, పురుగుమందుల షాపు నడుపుతున్నాను. రెండేళ్లుగా మిర్చి దెబ్బతినడంతో రైతుల దగ్గర నాకు రావలసిన 9 లక్షలు ఆగిపోయాయి. సరుకు డబ్బు కట్టడానికి తెలిసినవాళ్ల దగ్గర రెండు రూపాయల వడ్డీకి తెచ్చాను. తొమ్మిది నోట్ల మీద మొత్తం 17 లక్షలు. వాళ్లలో ఇద్దరికి ఖాళీ చెక్కులు కూడా ఇచ్చాను. ఒక నోటుకు మా తోడల్లుడు షూరిటీ సంతకం పెట్టాడు. ఐపీ పెడితే అన్నీ పోతాయని, 70 వేలు ఇస్తే ఆర్నెల్లలో పని అయిపోతుందని ఒకాయన అంటున్నాడు. దానికి ముందు ఇల్లు, నాన్నగారు పంచి ఇచ్చిన ఎకరన్నర నా భార్య పేరున రాసెయ్యమంటున్నాడు. కొత్త చట్టం వచ్చాక ఐపీ ఇంకా తేలికైందట, నిజమేనా? ఇంకో విషయం. ఆరేళ్ల కిందట మా బావమరిది జిన్నింగ్ మిల్లు కంపెనీ తీసుకున్న లోనుకు నేను గ్యారంటీ సంతకం పెట్టాను. మా ఇంటి కాగితాలు కూడా బ్యాంకులో పెట్టాం. ఆ కంపెనీ దివాలా కేసు ఇప్పుడు ఎన్‌సీఎల్‌టీలో (కంపెనీల ట్రిబ్యునల్‌లో) ఉంది. మూడు వారాల కిందట బ్యాంకు నుంచి నోటీసు వచ్చింది. కంపెనీ కేసు తేలేదాకా మన జోలికి రాలేరని బావమరిది అన్నాడు, అందుకని పక్కన పెట్టాను. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. సలహా చెప్పగలరు. (పేరు వద్దు)

సమాధానం: మీ ఉత్తరం నిండా ఐపీ గురించే ఉంది. బ్యాంకు నోటీసు మాట చివర్లో, మర్చిపోయినది గుర్తొచ్చినట్టు రాశారు. నేను మాత్రం చివరి నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే మీ ఇల్లు ఉన్నది అక్కడ.

ఆ కవరు బయటికి తీయండి. లోపలి కాగితంలో ఎక్కడో 'సెక్షన్ 13(2)' అని ఉంటుంది. అది 2002లో వచ్చిన సర్ఫేసీ చట్టం కింద ఇచ్చే నోటీసు. తనఖా పెట్టిన ఆస్తిని కోర్టులో దావా వేయకుండానే బ్యాంకు స్వాధీనం చేసుకుని వేలం వేసుకునే అధికారం ఆ చట్టం ఇచ్చింది. నోటీసు తేదీ నుంచి మీకు 60 రోజుల గడువు. మూడు వారాలు మీ అల్మరాలో గడిచాయి, ఇంకో వారం నా బల్ల మీద. నోటీసు మీద ఉన్న తేదీ చూసి, కేలండర్‌లో 60వ రోజును ఎర్ర పెన్నుతో చుట్టండి.

ఈ 60 రోజుల్లోపు మీరు రాతపూర్వకంగా అభ్యంతరాలు పంపవచ్చు. పంపితే, వాటిని ఎందుకు ఒప్పుకోవడం లేదో కారణాలు చూపిస్తూ బ్యాంకు 15 రోజుల్లోగా జవాబివ్వాలి. 'ఇవన్నీ ఫార్మాలిటీలు, వాళ్లు చేసేది చేస్తారు' అని చాలామంది ఊరుకుంటారు. అది తప్పు. రేపు బ్యాంకు బాకీల ట్రిబ్యునల్‌కు (డీఆర్‌టీకి) వెళ్లాల్సి వస్తే అక్కడ మీ మాట నిలబడేది ఈ కాగితం మీదే. మీరు ఎంత మొత్తానికి గ్యారంటీ సంతకం పెట్టారు? ఆ తర్వాత లోను పెంచారా? పెంచినప్పుడు మీ చేత మళ్లీ సంతకం చేయించారా? నోటీసులో చూపిన బాకీలో అసలెంత, వడ్డీ ఎంత, పీనల్ చార్జీలెంత? ఇవన్నీ అడగండి. గ్యారంటీ పత్రం, శాంక్షన్ లెటర్లు, లోను ఖాతా స్టేట్‌మెంటు కాపీలు ఇమ్మనండి. సంతకం పెట్టిన రోజున మీకు కాపీ ఇచ్చి ఉండరని నా అనుమానం. ఒకసారి నా దగ్గరికి వచ్చిన గ్యారంటీ పత్రంలో సంతకాలు నీలం సిరాలో, అంకెలు నల్ల సిరాలో ఉన్నాయి. సంతకం పెట్టినప్పుడు ఆ గడులు ఖాళీగానే ఉన్నాయని పెట్టినాయనకు గుర్తుంది. ఆ ఒక్క సంగతి మీదే బేరం చాలా దూరం నడిచింది.

ఇక మీ బావమరిది మాట. ఆయన అబద్ధం చెప్పి ఉండరు, సగం విని చెప్పి ఉంటారు. కంపెనీ ఎన్‌సీఎల్‌టీకి వెళ్తే దాని ఆస్తుల మీద వసూలు చర్యలు ఆగిపోయే మాట నిజమే. దాన్నే మారటోరియం అంటారు. కానీ ఆ రక్షణ కంపెనీకే, గ్యారంటీ ఇచ్చినవాళ్లకు కాదు. 2018లో చట్టాన్ని సవరించి మరీ ఈ ముక్క స్పష్టంగా రాశారు. అదే ఏడాది ఆగస్టులో స్టేట్ బ్యాంక్ వర్సెస్ రామకృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, పత్రంలో వేరే షరతు లేకపోతే, షూరిటీ బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. ముందు కంపెనీని అడిగి, అక్కడ రాకపోతేనే మీ దగ్గరికి రావాలనే నియమం లేదు. బ్యాంకు ముందే మీ గుమ్మం ఎక్కవచ్చు.

కంపెనీ కేసు తేలిపోతే మీ పీడ విరగడవుతుందనీ అనుకోకండి. ఉదాహరణకు మిల్లు బాకీ 4 కోట్లు అనుకుందాం. ఎవరో కొత్తవాళ్లు వచ్చి, రిజల్యూషన్ ప్లాన్ కింద బ్యాంకుకు కోటీ 20 లక్షలు కట్టి మిల్లు తీసుకున్నారు. కంపెనీకి ఆ బాకీ తీరినట్టే. మిగిలిన 2 కోట్ల 80 లక్షలు ఎవరి మీద పడతాయి? గ్యారంటీ పత్రంలో ఉన్న పరిమితి మేరకు, మీ మీదే. ప్లాన్ ఆమోదం పొందినంత మాత్రాన గ్యారంటీదారు బాధ్యత రద్దు కాదని 2021 మే 21న లలిత్ కుమార్ జైన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. కడుపు మండే విషయమే. మిల్లు లాభాల్లో మీకు పైసా రాలేదు, నష్టంలో మాత్రం వాటా వచ్చింది.

కంపెనీలకు పర్సనల్ గ్యారంటీ ఇచ్చినవాళ్లను 2019 డిసెంబర్ 1 నుంచి దివాలా స్మృతి, అంటే ఐబీసీ, కిందకు తెచ్చారు. బ్యాంకు కావాలంటే మీ మీద కూడా విడిగా ఎన్‌సీఎల్‌టీలో పిటిషన్ వేయవచ్చు. ఇది అన్యాయమంటూ దేశం నలుమూలల నుంచీ గ్యారంటీదారులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2023 నవంబర్ 9న కోర్టు ఆ సెక్షన్లన్నీ చెల్లుతాయని చెప్పింది. ఇదే దారిలో మీరే ముందుగా పిటిషన్ వేసుకోవచ్చు కూడా. 2019లో అమల్లోకి తెచ్చిన నిబంధన ప్రకారం వేసిన రోజు నుంచే అప్పుల మీద తాత్కాలిక మారటోరియం మొదలవుతుంది కాబట్టి, ఇంటి వేలం ఆపించుకోవడానికి చాలామంది దీన్ని అడ్డం పెట్టుకున్నారు. మీకు ఎవరైనా ఈ చిట్కా చెబితే నా అభిప్రాయం ఇది: కేవలం టైము కోసం వేయకండి. 2025 ఆగస్టు 12న లోక్‌సభలో పెట్టిన సవరణ బిల్లు, గ్యారంటీదారులకు ఈ తాత్కాలిక మారటోరియం ఉండకూడదని ప్రతిపాదించింది. లాయరు దగ్గరికి వెళ్లినప్పుడు ఆ సెక్షన్ ఇవాళ్టికి ఏ రూపంలో ఉందో మొదట అడగండి. పైగా పిటిషన్ వేసిన తర్వాత మీ రీపేమెంట్ ప్లాన్‌కు బాకీల విలువలో నాలుగింట మూడు వంతులకు పైగా ఒప్పుకోవాలి. మీ బాకీల్లో సింహభాగం ఆ ఒక్క బ్యాంకుదే అయితే వాళ్లు 'ఊఁ' అంటేనే ప్లాన్. వాళ్లు ఊఁ అనేటట్టయితే ఇంత దూరం వెళ్లకుండా ముందే అడగవచ్చు కదా.

అడగాల్సింది వన్‌టైమ్ సెటిల్‌మెంట్, అంటే ఒక మొత్తానికి బేరమాడి బాకీ ఒకేసారి తేల్చుకోవడం. అది మీ హక్కేమీ కాదు, బ్యాంకు ఇష్టం. 2021లో సుప్రీంకోర్టు ఆ మాట కూడా చెప్పింది. అయినా, ఎన్‌సీఎల్‌టీలో ఏళ్లు గడిపి సగం కూడా రాదని తెలిసిన బ్యాంకు మేనేజరు, 'నా గ్యారంటీ వరకు, నా ఇంటి విలువ వరకు తేల్చుకుంటాను' అని కాగితం పెట్టిన మనిషిని ఊరికే పంపడు. మాట నోటితో వద్దు. శాంక్షన్ లెటర్ చేతికొచ్చాకే డబ్బు కట్టండి. 'ఇకపై ఈ గ్యారంటీదారుకు బాధ్యత లేదు' అన్న వాక్యం అందులో ఉందో లేదో చూసుకోండి.

బేరం కుదరకపోతే గడువు తర్వాత పొజెషన్ నోటీసు, అంటే ఇల్లు స్వాధీనం చేసుకున్నట్టు నోటీసు, వస్తుంది. గోడకు అంటిస్తారు, పేపర్లో వేస్తారు. వీధిలో తలెత్తుకోలేమనిపిస్తుంది, కానీ ఆ రోజు సిగ్గుపడుతూ కూర్చునే తీరిక ఉండదు. అక్కడి నుంచి 45 రోజుల్లోపు డీఆర్‌టీలో దరఖాస్తు పడాలి. మనకు హైదరాబాద్‌లోనూ విశాఖపట్నంలోనూ ఉన్నాయి. అక్కడ ఓడితే అప్పీలు కోల్‌కతాకు. అదీ బాకీలో సగం, ట్రిబ్యునల్ తగ్గిస్తే పావు వంతు, డిపాజిట్ కట్టాక. ఇంకొక్క గీత గుర్తు పెట్టుకోండి. వేలం జరిగేదాకా ఎప్పుడైనా డబ్బు కట్టి ఇల్లు విడిపించుకోవచ్చన్నది పాత మాట. వేలం ప్రకటన వెలువడేలోపే మొత్తం కట్టాలి, ఆ తర్వాత విడిపించుకునే హక్కు పోతుందని 2023 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. అమ్మో కుదువపెట్టో డబ్బు సర్దుబాటు చేసుకునే ఉద్దేశం ఉంటే అది ఇప్పుడే, ప్రకటనకు ముందే.

ఇప్పుడు ఐపీకి వద్దాం.

మన ఊళ్లలో 'ఫలానావాడు ఐపీ పెట్టాడు' అంటే ఎగ్గొట్టాడని అర్థం. కోర్టులో దాని అర్థం వేరు. ఐపీ అంటే ఇన్‌సాల్వెన్సీ పిటిషన్. 'నా దగ్గరున్నదంతా ఇదీ, నేను ఇవ్వాల్సినవాళ్లు వీళ్లూ, తీసుకుని పంచండి' అని మీ చేతులతో మీరే రాసి ఇచ్చే కాగితం. దానికి ఆధారం 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం. ఎంత పాతదంటే, పిటిషన్ వేయడానికి అప్పు 500 రూపాయలుంటే చాలని అందులో ఇప్పటికీ ఉంది.

కొత్త చట్టంతో తేలికైందన్న మాట ఎక్కడి నుంచి పుట్టిందో నాకు తెలుసు. 2016 నాటి ఐబీసీలో మామూలు వ్యక్తుల అప్పులకు కూడా ఒక భాగం ఉంది. అందులో బాగా బీదవాళ్ల చిన్న అప్పులు, అంటే 35 వేలకు మించనివి, మాఫీ చేసే పద్ధతి కూడా రాశారు. పుస్తకంలో ఉంది, అమల్లోకి తేలేదు. కంపెనీల గ్యారంటీదారుల వరకే ఆ భాగానికి తలుపు తీశారు. అందువల్ల మీ పరిస్థితి విచిత్రంగా తయారైంది. బావమరిది మిల్లు సంతకానికి మీరు 2016 చట్టం మనిషి. షాపు నోట్లకు 1920 చట్టం మనిషి. ఆ 70 వేల ఆయన ఈ రెండూ కలిపి వండి వడ్డిస్తున్నాడు.

ఐపీ వేస్తే ఏం జరుగుతుంది? మీ తొమ్మిది మంది అప్పులవాళ్ల పేర్లు, తండ్రుల పేర్లు, ఊళ్లు, ఎవరికెంత బాకీ అన్నీ రాయాలి. ఆ బ్యాంకు పేరు కూడా. రైతుల దగ్గర రావలసిన 9 లక్షలు కూడా మీ ఆస్తే, ఖాతా పుస్తకాలతో సహా చూపాలి. వాళ్లందరికీ నోటీసులు వెళ్తాయి. జిల్లా పేపర్లో చివరి పేజీల్లో చిన్న అక్షరాల్లో మీ పేరు పడుతుంది. పిటిషన్ వేసినంత మాత్రాన దావాలు ఆగవు. కోర్టు మిమ్మల్ని దివాలాదారుగా ప్రకటించాక ఆగుతాయి. అప్పుడు మీ ఆస్తి కోర్టు చేతికో రిసీవర్ చేతికో వెళ్తుంది, ఆ ఎకరన్నరతో సహా. ఇంత జరిగినా తనఖా ఉన్న బ్యాంకుకు ఏమీ అడ్డం కాదు. తనఖా హక్కును ఐపీ తాకదని చట్టంలోనే ఉంది. ఏ ఇల్లు కాపాడుకుందామని ఐపీ పెడుతున్నారో, ఆ ఇంటికే అది అక్కరకు రాదు.

అంతా అయ్యాక అప్పులు పోయేది డిశ్చార్జి ఉత్తర్వుతో. దివాలా ప్రకటించేటప్పుడే, ఎన్నాళ్లలోగా డిశ్చార్జికి దరఖాస్తు పెట్టుకోవాలో కోర్టు రాస్తుంది. 'ఐపీ అలౌ అయింది' అని స్వీట్లు పంచి, ఆ గడువు మాట మర్చిపోయిన పెద్దమనుషులను నేను చూశాను. గడువు దాటితే ఆ ప్రకటనే రద్దవుతుంది, అప్పులన్నీ మళ్లీ లేచి కూర్చుంటాయి. డిశ్చార్జి వచ్చేదాకా, తాను దివాలాదారునని చెప్పకుండా 50 రూపాయలు అరువు తెచ్చుకున్నా నేరమే. అదీ ఆ చట్టంలో ఇంకా అలాగే ఉంది. ఎమ్మెల్యేగా నిలబడటానికీ పనికిరారు, ఆ ఆశ మీకు లేదనుకోండి.

ఇల్లు, పొలం భార్య పేరున రాయడం గురించి గట్టిగా చెబుతున్నాను: వద్దు. ఇల్లు ఎవరి పేరున మార్చినా తనఖా దాని వెంటే వస్తుంది. పొలం సంగతి చూస్తే, ఐపీ వేయడానికి ముందు రెండేళ్లలోపు ఊరికే రాసిచ్చిన గిఫ్టులను కోర్టు రద్దు చేయవచ్చు. మీ అప్పులవాళ్లలో ఎవడైనా మీసేవకు వెళ్లి ఈసీ తీస్తే, గిఫ్ట్ డీడ్ తేదీ, నంబరు అన్నీ అందులో ఉంటాయి. మోసం చేసే ఉద్దేశంతో ఆస్తి దాస్తే ఏడాది దాకా జైలు. ఇవాళ మీరు నష్టపోయిన వ్యాపారి. ఆ డీడ్ మీద సంతకం పెట్టిన మర్నాడు మీరు ఎగవేతదారు. పైగా ఆ పొలం ఇప్పటికిప్పుడు అంత ప్రమాదంలో లేదు. బ్యాంకులో పెట్టింది ఇల్లే కదా. వ్యవసాయ భూమి మీద సర్ఫేసీ చట్టం ఎలాగూ పనిచేయదు. అయితే డిక్రీ తెచ్చుకున్నవాళ్లు జప్తు చేయించగలరు, అది వేరే దారి.

ఆ రెండు ఖాళీ చెక్కులు నన్ను ఎక్కువ భయపెడుతున్నాయి. చెక్ బౌన్స్ కేసు ఐపీతో ఆగదు. ఐబీసీ కింద గ్యారంటీదారుకు వచ్చే తాత్కాలిక మారటోరియం కూడా దాన్ని ఆపదని 2025 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు చెప్పింది. ఈ కేసులో రెండేళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా ఉన్నాయి. డబ్బు ఏ కాస్త చేతికొచ్చినా మొదట ఆ ఇద్దరితో మాట్లాడి, చెక్కులు వెనక్కి తీసుకునే ఏర్పాటు చూడండి. లాయర్ నోటీసు వచ్చిందంటే 15 రోజులే గడువు, అల్మరాలో పెట్టకండి.

మీ తోడల్లుడి గురించి మీరు ఒక్క ముక్క రాసి వదిలేశారు. ఐపీలో మీకు డిశ్చార్జి వచ్చినా మీకు షూరిటీ ఉన్నవాడికి రాదు. చట్టంలో ఆ మాట విడిగా రాసి ఉంది. మీరు బయటపడిన మర్నాడు అప్పులవాడు ఆయన ఇంటికి వెళ్తాడు. మీ బావమరిది మిల్లు దగ్గర మీకు జరిగిందే, మీ షాపు దగ్గర ఆయనకు జరుగుతుంది. ఐపీ నిర్ణయం తీసుకునేముందు ఆయన్ను పిలిచి ఈ సంగతి మీ నోటితో చెప్పండి.

నోట్ల విషయంలో నేనైతే ఇలా చేస్తాను. ఒక తెల్ల కాగితం మీద తొమ్మిది నోట్లూ రాసి, ప్రతిదానికి ఎదురుగా తేదీ, తీసుకున్నదెంత, ఇప్పటికి కట్టిన వడ్డీ ఎంత, నోటు వెనక చెల్లు (డబ్బు కట్టినట్టు రాత) ఉందా లేదా అన్నది రాస్తాను. రెండేళ్లు వడ్డీ కట్టి ఒక్క చెల్లూ రాయించుకోకపోతే, కోర్టులో మీరు కట్టినట్టు చూపడం కష్టం. ఫోన్‌పే చేసినవి ఉంటే బ్యాంకు స్టేట్‌మెంట్ తీయండి. నోటుకు మూడేళ్ల గడువు కాబట్టి, మూడో ఏడు దగ్గర పడ్డవాళ్లు 'నోటు తిరగరాయి' అని వస్తారు. వడ్డీని అసల్లో కలిపి కొత్త నోటు రాసేశారంటే రెండు రూపాయల వడ్డీ మీద మళ్లీ రెండు రూపాయలు మొదలు. ఈ కాగితం పట్టుకుని, అందరినీ ఒకేచోట కూర్చోబెట్టండి. 17 లక్షలకు రైతుల బాకీ 9 లక్షలు ఎదురుగా ఉంది. అందులో సగం వసూలైనా అసలు కొంత, వడ్డీ మాఫీ అనే మాటకు కొందరైనా వస్తారు. కుదిరిన ఒప్పందాన్ని లోక్ అదాలత్‌లో పెట్టించండి, దానికి డిక్రీ విలువ ఉంటుంది, అప్పీలు ఉండదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. డబ్బు కట్టిన ప్రతిచోటా నోటు వెనక్కి తీసుకోండి. 'తర్వాత ఇస్తాలే' అని ఉంచుకున్న నోటు, మనిషి పోయాక అతని కొడుకు చేతిలో తేలుతుంది.

ఇవన్నీ చేసినా తేలకపోతే, అప్పుడు ఐపీ. ఆస్తి దాచకుండా, లెక్కలన్నీ చూపించి వేస్తే అది సిగ్గుపడాల్సిన పనేమీ కాదు. ఆ 70 వేలు మాత్రం దానికి ఇవ్వకండి, ఆర్నెల్లలో ఏ కోర్టూ దాన్ని తేల్చదు.

నిద్ర సంగతి రాశారు. టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416, తెలుగులోనే మాట్లాడతారు, రాత్రయినా ఎత్తుతారు. ఇవాళే చేయండి. లాయరు దగ్గరికి రేపు పొద్దున వెళ్దురుగాని.

వెళ్లేటప్పుడు నోటీసుతో పాటు అది వచ్చిన కవరు కూడా తీసుకెళ్లండి. ఎప్పుడు పోస్టు చేశారో, మీకు ఎప్పుడు అందిందో తెలిసేది దాని మీది ముద్రలతోనే. మీ ఆవిడకు పుట్టింటివాళ్లు పెట్టిన బంగారం మీ ఆస్తి కాదు. అది స్త్రీధనం, మీ అప్పుల జాబితాకు ఎదురుగా రాయాల్సిన పని లేదు. ఆ బంగారం తాకట్టు పెట్టి వడ్డీలు కడుతూ ఉంటే మాత్రం ఈ నెల నుంచి ఆపేయండి.